దొరసాని వదిలేసిన ఆకాశం

ఆ గ్రాంటు సంగతి నాకు మొదట చెప్పింది తనే. లండన్‌లో ఒక సంస్థ ఉందని, బ్రిటిష్ చిత్రకళ చరిత్ర మీద పరిశోధన పుస్తకాలు రాసేవాళ్ళకి డబ్బు సాయం చేస్తుందని, బొమ్మలు అచ్చు వేసుకోవడానికి మ్యూజియంలకి కట్టాల్సిన రుసుములు అందులోంచే కట్టుకోవచ్చని ఒక ఆదివారం ఫోన్లో చెప్పింది. "నీలాంటిదాని కోసమే పెట్టినట్టున్నారే," అని నవ్వింది కూడా. రెండేళ్ళ తరవాత ఆ గ్రాంటు తనకొచ్చింది. నా పుస్తకానికి.

తనూ నేనూ బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పక్కపక్క క్వార్టర్లలో పెరిగేం. మా నాన్న గార్డు, వాళ్ళ నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. రెండిళ్ళవాళ్ళూ తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. బడిలో హిందీ, ఇంట్లో మా తెలుగు. తను పిన్ని అని పిలిచే మా అమ్మ ఇద్దరినీ వరసగా కూర్చోబెట్టి జడలు వేసేది, జడ వేస్తున్నంతసేపూ తెలుగు అక్షరాలు దిద్దించేది. చదువులో తను నాకంటే చురుకు. ఢిల్లీ వెళ్ళి చిత్రకళ చరిత్ర చదివి అక్కడే యూనివర్సిటీలో చేరింది. నేను ఇక్కడే ఒక కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్తూ ఉండిపోయేను. ఉండిపోయేనన్న బాధ నాకెప్పుడూ లేదు. ఆదివారం పొద్దున్న తన ఫోను వచ్చేది. ఆ వారం చదివినవీ చూసినవీ నేను చెప్పుకుపోయేదాన్ని, తను వినేది. అంత శ్రద్ధగా వినే మనిషి నాకు ఇంకొకరు లేరు.

దొరసాని నాకు దొరికింది అనుకోకుండానే. క్లాసులో చూపించడానికి పాత రైళ్ళ బొమ్మల కోసం వెతుకుతుంటే, ఇంగ్లండులో సముద్రం ఒడ్డున ఉన్న ఏదో చిన్న ఊరి మ్యూజియంవాళ్ళు ఇంటర్నెట్లో పెట్టిన నీటిరంగుల బొమ్మలు కనిపించేయి. ఒకదాని కింద మా ఊరి పేరు తప్పుగా రాసి ఉంది. రైలు పట్టాలు కొత్తగా పడుతున్న రోజుల్లో ఇక్కడ పనిచేసిన ఒక ఇంజినీరు భార్య వేసిన బొమ్మలవి. ఎర్రమట్టి కట్ట, దాని పక్కన కూలీల పాకలు, తల మీద మట్టితట్టలతో నడుస్తున్న ఆడవాళ్ళు. భర్త పోయేక ఆవిడ ఇంగ్లండు తిరిగి వెళ్ళిపోయి, పిల్లలకి డ్రాయింగు చెప్పుకుంటూ, సముద్రం బొమ్మలు వేసుకుంటూ బతికింది. ఆవిడ మీద ఎవరూ పుస్తకం రాయలేదు. ఒకరిద్దరు పండితులు ఎక్కడో ఒక పేరాలో తలచుకుని, ఆకాశం వెయ్యడం చేతకాని మనిషని తేల్చేసేరు. ఎందుకంటే ఆవిడ బొమ్మల్లో ఆకాశం ఉండదు. నేల, చెట్లు, మనుషులు, అన్నీ ఓపిగ్గా వేసి, పైన కాయితం తెల్లగా వదిలేస్తుంది.

ఆవిడ కోసం వేసవి సెలవులన్నీ కలకత్తా, నాగ్‌పూర్ లైబ్రరీల్లో ఖర్చుపెట్టేను. ఆ మ్యూజియంవాళ్ళకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేను. ఇంట్లో అందరికీ ఆవిడ చుట్టమైపోయింది. మా ఆయన డ్యూటీ నుంచి వస్తూనే "మీ దొరసాని ఏమంటోంది?" అనేవారు. అమ్మ పూజ గదిలోంచే "ఆవిడకి పిల్లలున్నారేటే?" అని అడిగేది. లేరని చెప్తే, పాపం అని నిట్టూర్చేది.

ఆ తెల్ల ఆకాశం మాత్రం నాకు కొరుకుడు పడలేదు. ఆకులమీది వెలుగుని అంత బాగా పట్టుకున్న మనిషికి ఒక నీలం పూత వెయ్యడం రాకపోవడమేమిటి? ఒక మే నెలలో సదర్ బజార్ వెళ్ళి రంగులు, కుంచెలు, మందపాటి కాయితాలు కొనుక్కొచ్చి, మిట్టమధ్యాహ్నం తోర్వా పేటలో మా ఇంటి మేడ ఎక్కేను. బొమ్మలు వెయ్యడం నాకు రాదు. నీలం పల్చగా కలిపి, కుంచె నిండా ముంచి, కాయితం పై అంచున అడ్డంగా ఒక పూత పూసేను. దాని కిందే రెండోది కలపడానికి కుంచె ముంచి వచ్చేసరికి మొదటిది ఎండిపోయింది. చారలు పడిపోయేయి. కాయితం మార్చేను, అదీ అంతే. గొడుగు కింద కూర్చుని చూసేను. ముందే కాయితం తడిపి చూసేను. వేడిగాలి ఒక్కసారి ఇటు తిరిగిందంటే చాలు, తడి మాయం.

అప్పుడు తట్టింది. చేతకాక కాదు. ఈ ఎండలో ఆకాశం పూత నిలవదు. ఆవిడ కూడా నాలాగే నాలుగు కాయితాలు పాడుచేసుకుని ఉంటుంది. ఆ పైన తలెత్తి చూసి ఉంటుంది. మే నెలలో మా ఊరి ఆకాశం నీలంగా ఉండదు, తెల్లగా మండుతుంది. వదిలేసిన కాయితమే అసలు ఆకాశంలా ఉందని ఆవిడకి తెలిసిపోయింది. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. ఇంగ్లండు వెళ్ళేక, పూసిన రంగు ఎంతకీ ఆరని ఆ చెమ్మలో కూడా, ఆవిడ సముద్రం మీద ఆకాశాన్ని తెల్లగానే వదిలేసింది. అక్కడ అవసరం లేదు, అయినా వదిలేసింది. ఇక్కడి ఎండని తీసుకెళ్ళి ఇంగ్లండు సముద్రం మీద పెట్టింది. బొమ్మలు వెయ్యడం అక్కడివాళ్ళు వచ్చి మనకి నేర్పేరనే చదువుకున్నాం. ఇక్కడ నేర్చుకుని వెళ్ళిన మనిషి ఈవిడ. నా పుస్తకమంతా ఆ ఒక్క మాట మీద నిలబడుతుంది.

చేతులకి నీలం అంటుకుని ఉండగానే తనకి ఫోన్ చేసేను.

"ఏటే, ఈ టైములో? పిన్ని బాగుంది కదా?" అంది కంగారుగా.

ఊపిరి తిప్పుకోకుండా చెప్పేను.

"ఇంకోసారి చెప్పు. నెమ్మదిగా," అంది.

మళ్ళీ చెప్పేను. కుంచె, చారలు, గొడుగు, అన్నీ.

"ఇది ఇంకెవరికైనా చెప్పేవా?"

"నీకే మొదట."

"అచ్ఛా. ఎవరికీ చెప్పకు. ఇలాంటివి అచ్చయ్యేదాకా బయటికి రాకూడదు."

నా మీద ఎంత ప్రేమ అనుకున్నాను.

పుస్తకం ఒక రూపానికొచ్చేక ఇంగ్లండులో ఒక ప్రచురణ సంస్థకి కొంత పంపించేను. అక్కడి ఎడిటరు ఆసక్తి చూపించింది. అయితే రంగుల బొమ్మలు లేకపోతే ఈ పుస్తకం లేదు, వాటి ఖర్చు గ్రాంటు లేనిదే మా వల్ల కాదు అని చెప్పింది. ఆ లండన్ సంస్థ ఏడాదికి రెండు విడతలుగా దరఖాస్తులు తీసుకుంటుంది. ఈ విషయం తెలిసిన పండితులెవరైనా సిఫార్సు చెయ్యాలి. "నేనుండగా ఇంకెవరే?" అంది తను. రాసిందంతా పంపించమంది. పంపించేను. ఒక నెల రోజులు తీసుకుని చదివింది. చదివేక ఫోన్ చేసి చెప్పింది:

"ఈ విడత వద్దే. ఆకాశం చాప్టరు ఇంకా ఉడకలేదు. ఒకసారి కాదన్నారంటే మళ్ళీ నీ మొహం చూడరు. ఆగు. వచ్చే విడతకి ఇద్దరం కూర్చుని పక్కా చేద్దాం."

మా ఆయన మాత్రం "పంపిస్తే పోయేదేముంది?" అన్నారు. తనకి తెలిసినంత మనకి తెలుస్తుందా అని ఆయన నోరు మూయించేను. ఆ విడత వెళ్ళిపోయింది. ఆ వేసవంతా ఆకాశం చాప్టరు తిరగరాసేను.

తరవాత ఒక సాయంత్రం ఆ ఎడిటరు వీడియో కాల్ పెట్టమంది. కాలేజీలో మా స్టాఫ్ రూము ఖాళీ అయ్యేక అక్కడే కూర్చుని మాట్లాడేను. ఆవిడ మర్యాదస్తురాలు. మా వానల గురించి అడిగింది, వాళ్ళ వానల గురించి చెప్పింది. ఆ తరవాత ఇబ్బందిగా నవ్వి, "మీకొక సంగతి తెలుసో లేదో," అంది. "మీ చిత్రకారిణి మీదే ఇంకో పుస్తకం వస్తోంది. వేరే ప్రచురణ సంస్థ. బొమ్మలకి గ్రాంటు కూడా వచ్చేసిందట. ఢిల్లీ ఆవిడ." పేరు చెప్పింది. "ఇద్దరిదీ ఒకే ఊరట కదా, కలిసి పనిచేస్తున్నారేమో అనుకున్నాను."

"ఆ పుస్తకం దేని గురించి?" అని అడిగేను. దొరసాని మీద రాయడానికి ఇంకా వంద సంగతులున్నాయి, వాటిలో ఏదో ఒకటి అయి ఉంటుందని నా ఆశ.

"ఆకాశాల గురించి. వెయ్యకుండా వదిలేసిన ఆకాశాలు. ఎండకి రంగు ఆరిపోవడం, ఆ అలవాటు ఇంగ్లండు దాకా రావడం. చాలా అందమైన ఆలోచన. ఒకే మనిషి మీద ఒకే మాట చెప్పే రెండు పుస్తకాలు మేం వెయ్యలేం. మీరు అర్థం చేసుకుంటారు కదా."

అర్థం చేసుకుంటానన్నాను. తను మీకు తెలుసా అని ఆవిడ అడిగితే, "తెలుసు. చాలా బాగా రాస్తుంది," అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. కాల్ అయిపోయేక కూడా లేవలేకపోయేను. వాచ్‌మన్ వచ్చి, "మేడమ్, తాళం వెయ్యాలి," అన్నాక స్కూటీ తీసుకుని ఇంటికొచ్చేను. దారిలో ఎక్కడ మలుపు తిరిగేనో గుర్తు లేదు.

తనకి ఫోన్ చేసేను. ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. మీటింగులో ఉన్నానని ఒక మెసేజి వచ్చింది, అంతే. ఆదివారాలు ఫోను మోగడం మానేసింది. అన్నిటికంటే నన్ను దహించింది తను రాసుకోవడం కాదు. వద్దే, ఆగు అని చెప్పిన గొంతు. అంత ఆప్యాయంగా ఉంది ఆ గొంతు. ఒక పక్క నన్ను ఆగమంటూనే, అదే విడతకి తను కాయితాలు సిద్ధం చేసుకుంటోంది.

మా ఆయన చెప్తే లండన్ సంస్థకి రాసేను. నేను తనకి పంపిన చాప్టర్లు, ఏ రోజు పంపేనో, అన్నీ చూపించేను. వాళ్ళు ఆలస్యం చెయ్యకుండానే బదులిచ్చేరు. రచయిత్రిని అడిగేమని, చిన్ననాటి స్నేహితుల మధ్య ఏళ్ళ తరబడి సాగిన మాటల్లోంచి ఆ ఆలోచన పుట్టిందని, మీ తోడ్పాటుకి పుస్తకంలో కృతజ్ఞత చెప్తున్నానని ఆవిడ అన్నారని, మాటల్లో పుట్టిన ఆలోచన ఎవరిదో తేల్చడం తమ వల్ల కాదని. నా పేరుతో వాళ్ళకి దరఖాస్తే రాలేదు కాబట్టి పోల్చి చూడడానికి కూడా ఏమీ లేదట. ఒక్క పరుషమైన మాట లేదు. తిట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు.

ఆ చలికాలం వాళ్ళ నాన్నగారి సంవత్సరీకానికి తను మా పక్కనే ఉన్న బిల్హా వచ్చింది. వాళ్ళమ్మగారు అక్కడ కొడుకు దగ్గర ఉంటారు. మర్నాడు చెప్పాపెట్టకుండా లోకల్ ఎక్కి వచ్చేసి, మా గుమ్మంలో చెప్పులు విప్పుతూ "పిన్నీ" అని పిలిచింది.

అమ్మకి సంగతంతా తెలుసు. అయినా లేచి వెళ్ళి, "రా, కాళ్ళు కడుక్కో. అన్నం తిందువుగాని," అంది. నా ఒళ్ళు మండిపోయింది. వెనకాలే వంటింట్లోకి వెళ్ళేను.

"దానికి అన్నం పెడతావా?"

"పొద్దున్నే బయల్దేరి వచ్చింది. పుస్తకం సంగతి వేరు, కంచం సంగతి వేరు," అంది అమ్మ. ఆవ పెట్టిన అరటికాయ కూర గిన్నె నా చేతికిచ్చింది. నేను దాన్ని గట్టు మీద పెట్టేసేను.

అమ్మే వడ్డించింది. తను తలొంచుకుని తింటోంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. మజ్జిగకి గ్లాసు పెడుతూ అమ్మ అడిగింది:

"దాని పుస్తకం నువ్వెందుకు రాసీసేవే?"

తన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "ఆ దొరసాని మీద ఎవరైనా రాయొచ్చు పిన్నీ," అంది.

"ఎవరైనా రాయొచ్చు. మరి దీన్ని ఆగమని ఎందుకు చెప్పేవు?"

అమ్మ కదల్లేదు. తను చాలాసేపు మెతుకులు కలుపుతూ కూర్చుంది.

"నా దగ్గర ఏటీ లేకపోయింది పిన్నీ," అంది చివరికి. "ఏళ్ళయిపోయింది, నాకని ఒక కొత్త సంగతి తట్టి. నా తరవాత చేరినవాళ్ళు ప్రొఫెసర్లయిపోయేరు. ఇదేమో ప్రతి ఆదివారం ఫోన్లో చెప్పుకుపోయేది, ఒకటి కాకపోతే ఒకటి. దీనికి ఇంకా వస్తాయి. నాకు రావు."

"నాకు ఇంకా వస్తాయని ఇది తీసుకున్నావా?" అన్నాను.

అప్పుడు తలెత్తి నన్ను చూసింది. కళ్ళలో నీళ్ళున్నాయి, గొంతులో మాత్రం కోపం. "నువ్వు పూర్తిచేసేదానివేటే? ఎన్నేళ్ళు దిద్దుతావు? బిలాస్‌పూర్ నుంచి ఎవరో పంపిస్తే వాళ్ళు చదువుతారనుకున్నావా? నేను రాస్తే ఆ దొరసాని నలుగురికీ తెలుస్తుంది. కృతజ్ఞతల్లో మొదటి పేరు నీదే పెట్టేను."

"గ్రాంటు వెనక్కి ఇచ్చీ. జరిగింది జరిగినట్టు వాళ్ళకి చెప్పు."

"చెప్తే నా ఉద్యోగం ఉండదు."

"అయితే ఎందుకొచ్చేవు?"

"నువ్వు ఇంకెప్పుడూ మాట్లాడవేమోనని," అంది. చిన్నప్పటి గొంతుతో అంది. పుస్తకమూ కావాలి, ఆదివారాలూ కావాలి. రెండూ అడగడానికే మా ఇంటికి వచ్చింది. అది తెలిసేక నాకు అరవడానికి కూడా ఓపిక లేకపోయింది. "తినేసి వెళ్ళు," అని నా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. కాసేపటికి గేటు చప్పుడైంది. బయటికొచ్చి చూస్తే మజ్జిగ గ్లాసు నిండుగానే ఉంది. అమ్మ కంచం ముందే కూర్చుని ఉంది. ఆ కంచం అమ్మ తియ్యలేదు, నేనూ తియ్యలేదు.

పుస్తకం వచ్చింది. తెప్పించుకున్నాను. చదవకూడదనుకుని రెండ్రోజులు బీరువాలో పెట్టి, మూడో రోజు మొదటి పేజీ నుంచి చదివేను. బాగుంది. ఆ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉంది కానీ, బాగుంది. నా ఇంగ్లీషు అంత సాఫీగా నడవదు. బొమ్మలు పేజీ నిండా, రంగులు చెదరకుండా పడ్డాయి. దొరసానిని అంత అందంగా అచ్చులో చూసి నాకు సంతోషం వేసిందంటే ఎవరూ నమ్మరు. కృతజ్ఞతల్లో మొదటి పేరు నిజంగానే నాది. 'స్థానిక సహాయం' అందించినందుకట.

ఆకాశం చాప్టరు దగ్గరికొచ్చేను. అది ఇలా మొదలవుతుంది: ఒక మే మధ్యాహ్నం బిలాస్‌పూర్‌లో ఒక మేడ మీద నేను నీలం కలిపి కాయితం మీద పూసేను, రెండో పూత అందుకునేలోపు మొదటిది ఎండిపోయింది. గొడుగు ఉంది. వేడిగాలి ఉంది. చేతులకి అంటుకున్న నీలం కూడా ఉంది. ఆ మేడ మీద నేను లేను. తను ఉంది.

ఆలోచన పట్టుకెళ్ళిందనుకున్నాను. నేను ఎండలో కూర్చున్న ఆ పూట కూడా పట్టుకెళ్ళిందని అప్పుడు తెలిసింది. పుస్తకం మూసి అమ్మకి ఆ పేజీ తెలుగులో చెప్పేను. "ఆ రోజు మేడ మీదికి నీకు నీళ్ళు తెచ్చింది నేను కదేటే," అంది అమ్మ. ఆ రాత్రి అమ్మ సరిగ్గా అన్నం తినలేదు. తను చిన్నప్పుడు మా ఇంట్లో చేసిన అల్లర్లు అమ్మ ఎప్పుడూ మురిసిపోతూ చెప్పేది. ఆ తరవాత ఒక్కటి కూడా అమ్మ నోట వినలేదు.

మా ఆయన ఊరుకోలేదు. తను పనిచేసే యూనివర్సిటీకి రాయమని పట్టుబట్టేరు. రాయలేదు. తనమీద జాలితో కాదు, ఇంకో మర్యాదైన జవాబు చదివే శక్తి లేక. మళ్ళీ పనిలో పడ్డాను. రైలు వంతెనలు కట్టేముందు బ్రిటిష్ డ్రాఫ్ట్స్‌మన్లు సిరాతో, నీటిరంగులతో గీసిన నక్షాలు కలకత్తాలో ఎన్నోసార్లు చూసేను. ఇనుముకి ఒక రంగు, రాతికి ఒక రంగు, కింద పారే నీటికి మరీ అక్కర్లేనంత శ్రద్ధ. ఇంజినీరింగు కాయితాలని ఎవరూ వాటిని బొమ్మలుగా చూడలేదు. ఈసారి అవి పట్టుకున్నాను. రాసిందాన్ని ఎవరికీ చూపించకుండా రాసేను. కలకత్తాలో ముఖపరిచయం ఉన్న ఒక పెద్దాయన్ని సిఫార్సు అడిగేను. ఆయన అడిగినంతే పంపించేను, ఒక్క పేజీ ఎక్కువ పంపలేదు.

మొదటిసారి కాదన్నారు. రెండోసారి ఇచ్చేరు. అదే సంస్థ, అదే గ్రాంటు. పరీక్ష పేపర్లు దిద్దుతుండగా మెయిల్ వచ్చింది. తలెత్తి చూస్తే స్టాఫ్ రూములో అందరూ ఎవరి పనిలో వాళ్ళున్నారు. ఫోను చేతిలోకి తీసుకుని కాసేపు పట్టుకుని, పక్కన పెట్టేసేను. ఇంటికెళ్ళి చెప్తే మా ఆయన స్వీట్లు తెచ్చేరు. అమ్మ నా తల నిమిరి, "మంచిదే," అంది. ఇంకేదో అడగబోయి ఆగిపోయింది.

ఈ మధ్య మా డిపార్టుమెంటులో ఒక కొత్త అమ్మాయి చేరింది. విజయనగరం పిల్ల, తెలివైంది, కళ్ళింత చేసుకుని వింటుంది. మొన్న టీ తాగుతూ, "వంతెనల మీద ఏం రాస్తున్నారు మేడమ్? నాకు చెప్పరా?" అని అడిగింది. ఒకప్పుడైతే గంట కొట్టేదాకా చెప్పుకుపోయేదాన్ని. "ఏదో, పాత నక్షాలమ్మా," అని కప్పు తీసుకుని లేచేను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. అది చూసేను. అయినా వెనక్కి తిరగలేదు.